వన్స్‌మోర్‌కు కూలి ఎంత?

కొల్లేటి ఒడ్డున జాతర రాత్రి. చేపల చెరువుల మీదుగా వచ్చే గాలికి స్టేజీ వెనక కట్టిన టార్పాలిన్ పటపటా కొట్టుకుంటుంది. కాటిసీను నడుస్తోంది. హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకొని, రాగం తీసి, చివరి పాదం దగ్గర గొంతు పైకి తీసుకెళ్లి ఆపేసరికి జనంలోంచి కేక లేస్తుంది: ‘వన్స్‌మోర్!’ ఎవరో ఈల వేస్తారు. ఒక పెద్దాయన స్టేజీ దగ్గరకు నడిచి వచ్చి నూరు రూపాయల నోటు అందిస్తాడు. ఆయన పేరు, ఇంటిపేరు, ఊరు మైకులో చదువుతారు. అప్పటికి రాత్రి రెండు దాటింది. నటుడు గుక్కెడు నీళ్లు తాగి, హార్మోనియం వైపు చూసి, అదే పద్యాన్ని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు.

వన్స్‌మోర్ అంటే నటుడికి కిరీటం. పద్యనాటకం ఊపిరే అది. పద్యాన్ని రాగం తీసి పాడి, అంత ఆర్తిగా మళ్లీ మళ్లీ పాడించుకోవడం తెలుగువాళ్లకు అలవాటు. కానీ ఒప్పుకున్న డబ్బు ఒకసారి పాడినందుకే. రెండోసారి పాడినా, మూడోసారి పాడినా గొంతు ఆ మనిషిదే, తెల్లారి మూగబోయేదీ ఆ గొంతే. ఆ సీనులోనే ఒక మాట గుర్తుకొస్తుంది. యజమానికి చెల్లాల్సిన కాటిసుంకం కోసం హరిశ్చంద్రుడు కట్టుకున్న భార్యను సైతం నిలదీస్తాడు. ఇవ్వాల్సింది ఇవ్వాల్సిందే అంటాడు. తెల్లారి మేకప్ తుడుచుకున్నాక, తనకు రావాల్సిన మిగతా డబ్బు కమిటీవారిని అడగడానికి అదే నటుడికి మొహమాటం అడ్డొస్తుంది.

ఆ మొహమాటం మన మాటలోనే ఉంది. కళాకారుడికి ఇచ్చే డబ్బును పారితోషికం అంటాం. పరితోషం అంటే సంతోషం. సంతోషించి ఇచ్చేది పారితోషికం. సంతోషం కలగకపోతే ఇవ్వక్కర్లేదనే అర్థం ఆ మాట అడుగున ఉండిపోయింది. వరి కోసినవాడికి ఇచ్చేది కూలి. చేను పండినా, ఎండినా కూలి ఇవ్వాలి. సంతోషంతో దానికి పనిలేదు.

పైగా ఆ డబ్బు పేరు మనిషిని బట్టి మారుతుంది. శాస్త్రీయ విద్వాంసుడికి ఇచ్చేది సంభావన, దానితోపాటు శాలువా. సినిమా హీరోకి రెమ్యునరేషన్. జూనియర్ ఆర్టిస్టుకు బేటా. నాటకం ఆడినవాళ్లకు పేమెంటు. తివాచీ నేసినవారికి కూలి. డప్పు కొట్టినవాడికి ఒకప్పుడు కళ్లంలో కొలిచిన మేర, ఇప్పుడు చేతిలో కుక్కిన నోట్లు. ఈ మాటలను పైనుంచి కిందికి పేర్చి చూస్తే కులం నిచ్చెన, ఆస్తి నిచ్చెన రెండూ కనపడతాయి. కళకు కులం లేదని వేదికల మీద చెప్పుకోవడం తేలికే. కళకిచ్చే డబ్బుకు మాత్రం ఈ నేల మీద కులం ఉంది.

ఏలూరు గంగానమ్మ జాతర ఏడేళ్లకోసారి వస్తుంది. నెలల తరబడి సాగుతుంది. గరగ నెత్తిన పెట్టుకొని అడుగులేసేవారు, వారి ముందు డప్పులవారు. డప్పు లేనిదే అమ్మవారు కదలదు. గడ్డి మంట వేసి, చర్మం బిగిసేదాకా డప్పును కాచి, వేలితో మీటి చూసి, చాలకపోతే మళ్లీ మంట మీదికి వంచుతారు. ఏ సంగీత కళాశాలా నేర్పని శ్రుతి జ్ఞానం అది. తాతను చూసి తండ్రి, తండ్రిని చూసి కొడుకు నేర్చుకున్నది. మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చిన ఈ వాద్యానికి తరాల తరబడి దక్కిన పేరు కళ కాదు, వెట్టి. చావుకు కొట్టాలి, చాటింపుకు కొట్టాలి, జాతరకు కొట్టాలి. కొట్టనంటే ఊరు ఊరుకోదు. గుడి ముందు రాత్రంతా కొట్టిన మనిషికి ఆ గుడి లోపలికి వెళ్లే వీలుండేది కాదు.

1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టినప్పుడు ఉద్యమం డప్పునే తన గుర్తుగా చేసుకుంది. అవమానంగా మోసిన వాద్యాన్ని తలెత్తుకొని మోయడం అక్కడ మొదలైంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 ఏళ్లు దాటిన డప్పు కళాకారులకు పింఛను ఇస్తోంది. 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. ఇది చిన్న సంగతి కాదు. ప్రభుత్వ కాగితం మీద ‘డప్పు కళాకారుడు’ అని పడడానికే ఎన్నో తరాలు పట్టింది. అయితే పింఛను వయసు మీరినవారికి. ముప్పై ఏళ్ల కుర్రాడు ఈ రాత్రి కొట్టే డప్పుకు రేటెంతో చెప్పే కాగితం ఏదీ లేదు.

ఏలూరుకు ఇంకో పాత కళ ఉంది, తివాచీ. కొన్ని వందల ఏళ్ల కిందట పర్షియా నుంచి వచ్చి స్థిరపడ్డ ముస్లిం కుటుంబాలు ఇక్కడ ఈ పని మొదలుపెట్టాయని చెబుతారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు ఏలూరు తివాచీలు వెళ్లాయి. నిలువు మగ్గం ముందు పలక మీద కూర్చొని, పడుగు దారాలకు ఊలు పోగు చుట్టి ముడి వేసి, కత్తితో కోసి, మళ్లీ ఇంకో ముడి. ఒక వరస ముళ్లు పూర్తయ్యాక పేక దారం పోసి గట్టిగా దట్టించాలి. అరచెయ్యంత పువ్వు తేలడానికి వందల ముళ్లు పడతాయి. వేళ్ల చివర్లు కాయలు కాస్తాయి, మెడ పట్టేస్తుంది, ఊలు నూగు గొంతులోకి పోతుంది. లెక్క మాత్రం అడుగుల్లో, నేసినంతకే డబ్బు. చిత్రకారుడు బొమ్మ కింద సంతకం పెడతాడు. తివాచీ మీద అమ్మిన కంపెనీ పేరుంటుంది గానీ నేసిన చేతి పేరుండదు. ఆ కుటుంబాల పిల్లలు మగ్గం వదిలి షాపుల్లోకి, ఆటోల్లోకి వెళ్లిపోతుంటే తప్పు పట్టే హక్కు ఎవరికుంది?

నాటకం దగ్గరకొస్తే, వేదిక ఎవరిదన్న ప్రశ్న మొదటి నుంచీ ఉంది. పక్క జిల్లా కూచిపూడిలో తరతరాలుగా బ్రాహ్మణ కుటుంబాల మగవారే భామాకలాపం ఆడారు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ తిప్పితే జనం మైమరిచేవారు. పద్యనాటకంలో స్థానం నరసింహారావు ఆడవేషాలకు పెట్టింది పేరు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ ఇద్దరి గొప్పదనం కాదనలేనిది. ఆడవాళ్లు ఎందుకు లేరన్నది వేరే సంగతి. గౌరవం గల ఇంటి ఆడపిల్ల వేదికెక్కకూడదన్నారు. ఎక్కినవారు ఎక్కువగా దేవదాసీ సంప్రదాయపు కళావంతుల ఇళ్లవారు. 1885లో మొదలైన సురభి మాత్రం కుటుంబమే సమాజంగా బతికింది. తల్లీ కూతుళ్లు, వదినా మరదళ్లు తమ ఇంటి మగవారి పక్కనే నటించారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేషం వేసిన కమలాబాయి ఆ గూటి పిల్లే.

కళావంతుల ఆడవాళ్లు గోదావరి జిల్లాల్లో సంగీతాన్ని, అభినయాన్ని నోట పట్టి కాపాడారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం వచ్చింది. ఆడపిల్లల్ని దేవుడికి అంకితమిచ్చే పద్ధతి పోవాల్సిందే, పోయింది. కానీ ఆ దురాచారంతోపాటు వాళ్ల విద్యకూ మచ్చ అంటింది. మగవారి నాట్యం సంప్రదాయమై అకాడమీలకెక్కింది, ఆడవారి నాట్యం గదిలో తలుపేసుకుంది. ఈ రెంటికీ దక్కిన గౌరవంలో ఉన్న తేడాను విద్యలో తేడాగా చూపించడం కుదరదు.

ఈనాటి నటి సంగతి చూడండి. ఆమెకు సొంత సమాజం ఉండదు. ఈ రాత్రి తాడేపల్లిగూడెం వైపు చంద్రమతి, రేపు కైకలూరు వైపు సత్యభామ, ఎల్లుండి ఇంకెక్కడో ఇంకో వేషం. సీజను శివరాత్రి ముందూ వెనకా మొదలై ఎండాకాలం జాతరల దాకా. వానలు పడితే సంపాదన ఆగినట్టే. చీరలు ఆమెవే, పూసల నగలు ఆమెవే, సవరం ఆమెదే, వాటిని మోసుకెళ్లే ట్రంకుపెట్టె చార్జీ కూడా ఆమెదే. స్టేజీ వెనక మూడు పక్కల గుడ్డ కట్టిన చోటే గ్రీన్‌రూము. గుంజకు వేలాడే ఒక్క బల్బు కింద, చేతద్దంలో ముఖం చూసుకుంటూ రంగు వేసుకుంటుంది. గుడ్డ సందులోంచి పిల్లలు తొంగి చూస్తుంటారు, కొన్నిచోట్ల పెద్దవాళ్లు కూడా. బాత్‌రూము ఉండదు. అందుకే సాయంత్రం నుంచి నీళ్లు తాగడం తగ్గించేస్తుంది. రాత్రంతా పద్యం పాడాల్సిన గొంతుకు నీళ్లే మందు, ఆ నీళ్లే ఆమె మానుకుంటుంది.

అదే స్టేజీకి లైటింగు వారి బిల్లు వేరే ఉంటుంది, మైకు సెట్టు వారిది ఉంటుంది, జనరేటరు డీజిలు లీటర్లలో రాసి ఉంటుంది. కమిటీ పుస్తకంలో అవన్నీ వరసగా కనపడతాయి. కళాకారుల దగ్గరకొచ్చేసరికి మొత్తం ఒకే అంకె, అది ఏజెంటు చేతికి. ఆయన ఎవరికి ఎంత పంచాడో పుస్తకానికి తెలియదు. ఏజెంట్లందరూ మోసగాళ్లు కారు. చాలామంది ఒకప్పటి నటులే, కష్టకాలంలో అప్పులిచ్చి ఆదుకునేదీ వాళ్లే. కానీ అప్పిచ్చినవాడే రేటూ ఖాయం చేస్తే బేరమాడే నోరు ఎవరికుంటుంది?

2022 జనవరిలో ‘చింతామణి’ నాటకాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. పశ్చిమ గోదావరి జిల్లా మత్స్యపురిలో పుట్టిన కాళ్లకూరి నారాయణరావు వందేళ్ల కిందట వేశ్యావ్యసనాన్ని ఎండగడుతూ రాసిన నాటకమది. సుబ్బిశెట్టి పాత్రను తమ కులాన్ని వెక్కిరించడానికి వాడుకుంటున్నారని ఆర్యవైశ్యులు ఏళ్ల తరబడి అడిగిన మీదట ఆ ఉత్తర్వు వచ్చింది. వారి బాధ నిజం. నాటకకర్త రాయని బూతుల్ని కొన్ని బృందాలు సుబ్బిశెట్టి నోట పెట్టిన మాటా నిజమే. కానీ మర్నాటి నుంచి చింతామణి, శ్రీహరి, సుబ్బిశెట్టి వేషాలే బతుకుతెరువైన వాళ్లు ఏం తినాలన్నది ఎవరూ అడగలేదు. ఒక రంగస్థల కళాకారుడు హైకోర్టు తలుపు తట్టాక గానీ అది చర్చకు రాలేదు. ఫ్యాక్టరీ మూస్తే కార్మికుల పరిహారం గురించి మాట్లాడతారు. నాటకం మూస్తే అందులో కార్మికులున్నారన్న సంగతే తట్టదు.

వేదికను తెరిచి పెట్టిన రోజులూ మన చరిత్రలో ఉన్నాయి. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి రైతుల్ని, కూలీల్ని, చదువురాని వారిని నటుల్ని చేసింది. బుర్రకథ పితామహుడనిపించుకున్న షేక్ నాజర్ పేద దూదేకుల ఇంటి బిడ్డ. మోటూరి ఉదయం వంటి స్త్రీలు దళం కట్టి బుర్రకథ చెప్పారు. పాలకొల్లు నుంచి వచ్చిన అల్లు రామలింగయ్య ఆ మండలి నటుడే. ఇక కాటిసీనులో నటులు అందుకునే పద్యాల్లో చాలా వాటి సంగతి జనంలో కొందరికే తెలుసు. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకంలోకి అవి గుర్రం జాషువా కలం నుంచి వచ్చి చేరాయి. అంటరానితనాన్ని ఒంటి మీద అనుభవించిన కవి పద్యం లేకుండా ఈనాడు హరిశ్చంద్ర ఆడితే జనం ఒప్పుకోరు.

ఏలూరుకు కాస్త దూరంలో దెందులూరు మండలం. అందులో రెండు ఊళ్లు, సోమవరప్పాడు, కొవ్వలి. సోమవరప్పాడులో 1908లో ఒక రైతు ఇంట ఎల్.వి. ప్రసాద్ పుట్టారు. కుటుంబం అప్పుల్లో చితికిపోతే బొంబాయి వెళ్లి, స్టూడియోలో చిన్నాచితకా పనులు చేసి, సినిమా హాల్లో టికెట్లు చింపి, ఆ అవస్థల్లోనే ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, ‘భక్త ప్రహ్లాద’ మూడింటిలోనూ వేషం వేశారు. తర్వాత దర్శకుడు, నిర్మాత, ప్రసాద్ స్టూడియో అధినేత. 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం. ఆ కష్టాన్ని ఎవరూ తక్కువ చేయలేరు.

కొవ్వలిలో 1960 డిసెంబరు 2న విజయలక్ష్మి పుట్టింది. పేదిల్లు. నాలుగో తరగతితో చదువు ఆగింది, ఈడు రాకముందే పెళ్లయింది, అది నిలవలేదు. మద్రాసు చేరి ఒక నటికి టచప్ చేసే పనిలో కుదిరింది. 1980లో ‘వండిచక్కరం’ అనే తమిళ సినిమాలో సిల్క్ అనే పాత్ర వేసింది. ఆ పేరే ఇంటిపేరై ఆమె సిల్క్ స్మిత అయింది. సిల్క్ స్మిత పాట లేకపోతే సినిమా కొనమని పంపిణీదారులు అనే రోజులు వచ్చాయి. దాదాపు 450 సినిమాలు. ఆమె డేట్ల కోసం క్యూ కట్టినవారే ఆమెను చులకన చేసి మాట్లాడారు. మంచి పాత్ర ఇవ్వండని అడిగితే మళ్లీ అదే గుడ్డపేలిక చేతిలో పెట్టారు. 1996 సెప్టెంబరు 23న, 35 ఏళ్ల వయసులో, మద్రాసులో చనిపోయింది. పదిహేనేళ్ల తర్వాత ఆమె బతుకు ప్రేరణగా హిందీలో సినిమా వచ్చి కోట్లు గడించింది, అందులో నటించిన తారకు జాతీయ అవార్డు వచ్చింది.

ఒకే మండలం, ఒకే పరిశ్రమ, ఇద్దరికీ చేతిలో చిల్లిగవ్వ లేని ప్రయాణమే. ఒకరి దారి స్టూడియో గేటుదాకా వెళ్లి లోపల సంతకం పెట్టే బల్ల దాకా సాగింది. ఇంకొకరి దారి కెమెరా ముందే ఆగిపోయింది. ప్రతిభ ఒక్కటే ఈ తేడా చెప్పలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో పండిన మిగులు పంట సినిమా హాళ్లుగా, పంపిణీ కంపెనీలుగా, స్టూడియోలుగా మారింది. భూమి ఉన్న కులాల మగవాళ్లకు ఆ రంగంలో చుట్టరికాలున్నాయి, చేబదులు పుట్టే చోట్లున్నాయి, పడితే లేపే చేతులున్నాయి. కొవ్వలి పిల్లకు భూమి లేదు, చదువు లేదు, తరఫున మాట్లాడే పెద్దమనిషి లేడు.

తాడేపల్లిగూడెంవారు తమవాడని చెప్పుకునే హాస్యనటుడు రేలంగి వెంకట్రామయ్యకూ నడక సులువుగా సాగలేదు. నాటకాల్లో ఆడవేషాలతో మొదలుపెట్టి, 1935లో సినిమాలో కనపడి, తర్వాత పన్నెండేళ్లకు పైగా దర్శకుడు సి. పుల్లయ్య దగ్గర తెరవెనక పనులు చేస్తూ చిన్న వేషాలతో నెట్టుకొచ్చారు. అంతకాలం ఓపిక పట్టగలగడం అందరికీ సాధ్యమా? ఇంటి దగ్గర పిల్లల ఫీజు ఆగితే మొదట ఆగేది కళే.

సినిమా కార్మికులు సంఘం పెట్టుకున్నారు, అందుకే వాళ్లు అడగగలుగుతున్నారు. 2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోరుతూ తెలుగు సినీ కార్మికులు పని ఆపారు. రెండు వారాలు దాటాక హైదరాబాదులో లేబర్ కమిషనర్ సమక్షంలో రాజీ కుదిరింది. రోజుకు 2,000 రూపాయల లోపు వేతనం ఉన్నవారికి మూడేళ్లలో విడతలవారీగా 22.5 శాతం పెంపు. రాతపూర్వక ఒప్పందం లేకుండా పనిలో పెట్టుకోకూడదని 1981 నాటి సినీ కార్మికుల చట్టమే చెప్పింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు ఆ మాటను టీవీ, డిజిటల్ పనివారికీ చేర్చాయి. జాతర స్టేజీ మీద పాడేవారు, డప్పు కొట్టేవారు ఆ లెక్కలోకి రారు.

ఆడవాళ్ల భద్రత సంగతి ఇంకా బరువైనది. 2018లో సినిమా రంగంలో లైంగిక వేధింపుల మీద ఒక నటి హైదరాబాదులో నిరసన తెలిపాక, 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. నివేదిక 2022లో చేరింది. కేరళ 2024 ఆగస్టులో ఇలాంటిదే అయిన హేమ కమిటీ నివేదికను బయటపెట్టినప్పుడు, మన నివేదికనూ బయటపెట్టమని ఇక్కడి మహిళా కళాకారులు అడిగారు. నాటక బృందాల్లోని స్త్రీలు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. పదిమంది లోపు పనిచేసే చోట లైంగిక వేధింపులపై ఫిర్యాదు తీసుకోవడానికి 2013 చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో లోకల్ కమిటీ ఉండాలి. ఏలూరు కలెక్టరేట్‌కు వచ్చి ఆ గది ఎక్కడని అడిగే హక్కు చంద్రమతి వేషం వేసే మనిషికి ఉంది.

కళ అంటే పని అని ఒప్పుకున్న దేశాలు ఏం చేశాయో చూడాలి. కళాకారులకూ మిగతా పనివారితో సమానమైన రక్షణ ఉండాలని యునెస్కో 1980లోనే సిఫారసు చేసింది. ఫ్రాన్సులో ఏడాదిలో 507 గంటలు పనిచేసిన రంగస్థల, సినిమా కార్మికుడికి పనిలేని నెలల్లో భృతి వస్తుంది. అంటే రెండు వేషాల మధ్య ఖాళీని కూడా ఆ వృత్తిలో భాగంగానే లెక్కగట్టారు. ఐర్లాండు 2022లో 2,000 మంది కళాకారులను ఎంపిక చేసి వారానికి 325 యూరోలు ఇచ్చి చూసింది. మనకు అంత బడ్జెట్ లేదనవచ్చు. కానీ ఒక కాగితం మీద ఎవరికెంతో రాసుకోవడానికి, సగం డబ్బు ముందే ఇవ్వడానికి, స్టేజీ వెనక తలుపున్న గది, బాత్‌రూము చూపించడానికి, వెళ్లొచ్చే చార్జీలు వేరే లెక్క కట్టడానికి ఏ దేశపు ఖజానా అక్కర్లేదు. చేపల చెరువుల వేలంపాటకు స్టాంపు కాగితాలు రాసుకునే ఊళ్లు ఇవి. రాత తెలియనివి కావు.

తెల్లవారుజామున నాటకానికి మంగళం పాడతారు. జనం చాపలు చుట్టుకొని వెళ్లిపోతారు. లైటింగు కుర్రాళ్లు బల్బులు విప్పుతుంటారు. నటి కొబ్బరినూనె పూసిన గుడ్డతో ముఖం తుడుచుకొని, నగలు మడత కాగితాల్లో చుట్టి పెట్టెలో సర్దుతుంది. ఏలూరు స్టేషనులో ప్యాసింజరు అందుకోవాలంటే మొదటి ఆటో ఎక్కాలి. ఫోను మోగుతుంది. వచ్చే వారం ఇంకో ఊరి కమిటీ. స్టేజీ ఎక్కిన కొత్తలో అయితే ‘మీ దయండి’ అని ఊరుకునేది. ఇప్పుడు అరిగిపోయిన గొంతుతో నెమ్మదిగా, మర్యాదగానే చెబుతుంది: ‘‘తప్పకుండా వస్తానండి. ముందు సగం ఫోన్‌పే చేసేయండి బాబూ, డేటు రాసుకుంటాను. ఇంకో మాటండి, బట్టలు మార్చుకోడానికి తలుపున్న గది ఉంటుందా?’’